బట్టీ ఒప్పుకోని పెద్ద మిస్

పెద్ద మిస్ పోయారన్న కబురు మా స్కూల్ వాట్సాప్ గ్రూపులో, స్పోర్ట్స్ డ్రెస్సుకి సాక్సులు తెల్లవా నల్లవా అన్న గొడవ మధ్యలో వచ్చింది. ఆదివారం పొద్దున. కరస్పాండెంట్ గారు, అంటే మా బడి యజమాని, రెండు వాక్యాలు రాసి దండం బొమ్మ పెట్టారు. ఒకటో తరగతి టీచర్ గారు తెల్లవారుజామున ఎల్బీనగర్‌లో దవాఖానకు తీసుకెళ్తుండగా గుండె ఆగి కన్నుమూశారని, వారి ఆత్మకు శాంతి కలగాలని. దాని కింద వరసగా దండాలు పడ్డాయి. తర్వాత ఒక తండ్రి ‘రేపు హాలిడేనా సార్?’ అని అడిగాడు. ఇంకొకాయన ‘సాక్సుల సంగతి తేల్చలేదు’ అని గుర్తు చేశాడు. ఫోన్ మంచం మీదికి విసిరేసి ఏడ్చాను. ఆ ఏడుపులో సగం కోపమే.

ఆ కోపం ఆ తండ్రుల మీదే కాదు. ఆమె మీద కూడా. పని సరిగ్గా సగంలో ఉండగా వదిలేసి వెళ్ళిపోయింది. పోయినవాళ్ళ మీద కోప్పడకూడదంటారు. పోనివాళ్ళ మీద కోప్పడితే మటుకు ఏం ఒరుగుతోంది కనుక?

మాది మీర్‌పేట్‌లో ఒక కాలనీ చివర, కిరాయికి తీసుకున్న రెండంతస్తుల ఇంట్లో నడిచే ఇంగ్లీష్ మీడియం బడి. ఆమెది ఒకటో తరగతి, నాది రెండో తరగతి. మధ్యలో గోడ లేదు, ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టారు. అందరికన్నా పెద్దావిడ కాబట్టి పిల్లలు పెద్ద మిస్ అనేవారు. నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను, కోపం లేనప్పుడు, చెల్లె అనేది.

ఆ చెక్క అవతలి నుంచి రోజంతా శబ్దాలు. పిల్లలంతా కలిసి ‘స్‌స్‌స్’ అని బుస కొడుతుంటే ఇటు నేను ఎక్కాలు చెప్పుకోవాలి. కాసేపటికి ‘ప్, ప్, ప్’ అని అన్నం ఉడికే గిన్నె మూతలా మొదలయ్యేది. మా పిల్లలు పుస్తకాలు వదిలేసి పక్క క్లాసుతో పాటు పెదాలు ఆడించేవాళ్ళు. ఎన్నిసార్లు చెక్క మీద తట్టానో. “అక్కా, జర మెల్లగ!” అంటే, “మెల్లగంటె శబ్దం ఎట్లొస్తది చెల్లె, నువ్వే జర గట్టిగ చెప్పుకో” అనేది.

ఫోనిక్స్ అంటారు దాన్ని. అక్షరం పేరు పక్కన పెట్టి, అక్షరం చేసే శబ్దాన్ని ముందు నేర్పడం. ఏ ఫర్ ఆపిల్, బీ ఫర్ బాల్ అని రాగాలు తీయించకుండా, ఈ గుర్తు కనబడితే నోరు ఏం చేయాలో నేర్పడం. శబ్దాలన్నీ వచ్చాక వాటిని పక్కపక్కన పెట్టి కలిపించడం. కలపడం వచ్చిన పిల్ల ఎన్నడూ చూడని మాటను కూడా తనంతట తానే చదువుతుంది. చెప్పడానికి ఇంతే. చేయబోతే ప్రాణం పోతుంది. ఈ మాట ఇప్పుడు అనకూడదేమో, కానీ వేరే మాట దొరకడం లేదు.

మన నోటికి అది ఇంకా కష్టం. పలక పట్టిన రోజు నుంచి మనకి క అంటే క, బ అంటే బ. ప్రతి అక్షరం వెనకా ఒక అచ్చు తగులుకునే ఉంటుంది. అదే అలవాటుతో ఇంగ్లీష్ శబ్దాలు చెప్తే ‘బ, ఆ, ట’ అవుతుంది. ఈ ముక్కల్ని ఎంతసేపు కలిపినా బ్యాట్ రాదు. ఆమె ఆ వెనక అచ్చుని తోక అనేది. “తోక కొయ్, తోక కొయ్” అని క్లాసంతా తిరిగేది. దానికో పద్ధతి పెట్టింది. సూపర్ మార్కెట్ వాళ్ళు ఇంటింటికీ పంచే రంగుల కాగితాలను సన్నగా చింపి, ఒక్కో పిల్ల పెదాల ముందు ఒక్కో ముక్క పట్టించేది. ‘ప్’ అన్నప్పుడు కాగితం ఒక్కసారి ఎగిరి ఊరుకోవాలి. నోరు ఇంకా తెరుచుకునే ఉంటే తోక ఉన్నట్టే. ‘జ్’ శబ్దానికి గొంతు మీద చెయ్యి పెట్టి అదురు చూసుకోమనేది. పిల్లలకి ఆట, ఊడ్చే ఆయమ్మకి చాకిరీ.

నాలుక ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి అద్దాలు కావాలంది ఒక ఏడు. కరస్పాండెంట్ గారు వినిపించుకోలేదు. సెలవు రోజున తనే నన్ను వెంటేసుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయింది. మెట్రో స్టేషన్ కింద, ఫుట్‌పాత్ మీద దువ్వెనలూ రిబ్బన్లూ పరిచిన ఒక ముసలామె దగ్గర చేతి అద్దాలు బేరం చేసింది. అన్ని అద్దాలు అడిగేసరికి ముసలామె మొహం వెలిగిపోయింది. “నోముకా బిడ్డా? వాయనాలు ఇస్తున్నవా?” అని అడిగింది. “అవునమ్మా, నోమే. శానా కష్టమైన నోము” అంది మా అక్క, నవ్వకుండా. ముసలామె పాపం కుంకుమ పొట్లాలు కూడా కలిపి ఇచ్చింది.

ఆ రోజే మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడి ఒక మాట చెప్పింది. వాళ్ళది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. “నాకు టెన్త్ దాక ఇంగ్లీష్ పాఠాలన్ని నోటికొచ్చేటివి చెల్లె. మా సారు లేపి అడిగితె ఒక్క మాట పోకుండ ఒప్పజెప్పేదాన్ని. పట్నమొచ్చినంక బస్సు మీద తెలుగుల రాసుంటెనే ఎక్కేదాన్ని. ఇంగ్లీష్ బోర్డుంటె పక్కోళ్ళని అడిగేదాన్ని. మరి ఆ పాఠాలన్ని ఏడబోయినయ్?” అంది. ఉల్లిపాయ ముక్కలు ఏరి పక్కన పెడుతూ అంది. బట్టీ అంటే ఆమెకి ఎందుకంత మంటో నాకు అప్పుడు అర్థమైంది.

అయితే ఆ మంటతో ఒక్కోసారి పక్కవాళ్ళని కూడా కాల్చేది. ఇది కూడా చెప్పాలి. నా క్లాసులో ఒక పిల్లవాడు ఉండేవాడు. పాఠం లేచి చదివాడంటే గుక్క తిప్పుకోడు. ఒక పేరెంట్స్ మీటింగ్‌లో వాడి చేత చదివిస్తున్నాను. వాళ్ళ నాయన, హయత్‌నగర్ నుంచి లారీ నడుపుకునే ఆయన, ఆ ఒక్క దాని కోసం పని మానుకుని వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. పెద్ద మిస్ వెనక నుంచి వచ్చింది. పిల్లవాడి నోరు రెండో పేరాలో ఉంది, వేలు ఇంకా మొదటి పేరాలోనే ఉంది. ఆమె పుస్తకం మూసి, ఇంకో పేజీ తెరిచి, “గిది చదువు నాన్నా” అంది. వాడికి ఒక్క ముక్క రాలేదు. తండ్రి మొహం చూడలేకపోయాను.

నెల దాటినా ఆమెతో మాట్లాడలేదు. ఆమె చెప్పింది నిజమే, వాడికి చదవడం రాదు. ఆ తర్వాత రోజూ బడి వదిలాక వాడిని కూర్చోబెట్టుకుని చదువు నేర్పింది కూడా ఆమే. కానీ నలుగురిలో, ఆ తండ్రి ముందు, ఆ పని చేయాల్సింది కాదు. ఇప్పటికీ నేను ఆ మాట మీదే ఉన్నాను. “అక్కా, నీకు శబ్దాలు తెలుసు గానీ మనుషులు తెల్వరు” అన్నాను మాటలు కలిసిన రోజున. “నిజమే, రెండూ ఒక్కరికే ఎట్లొస్తయ్, మనుషుల సంగతి నువ్వు చూసుకో” అంది. ఆ మాట అక్షరాలా నా నెత్తిన పడుతుందని అప్పుడు అనుకోలేదు.

మనుషులంటే ముఖ్యంగా తల్లులు. హోంవర్క్ లేదని ఒకరు, డైరీ ఖాళీ అని ఒకరు, పిల్లలకి అద్దాలిచ్చి మొహాలు చూసుకోమంటారా అని ఇంకొకరు గేటు దగ్గర ఆమెను ఆపేవారు. ఆమె ఒక్కరికీ మెత్తగా చెప్పేది కాదు. ఈ ఏడు అందరికన్నా గట్టిగా తగులుకున్నది సాన్వి వాళ్ళమ్మ. గుంటూరు వైపు మనుషులు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండి అల్మాస్‌గూడలో సొంత ఇల్లు కొనుక్కుని వచ్చారు. మనిషి చెడ్డది కాదు. పిల్ల వెనకబడిపోతుందేమోనని నిద్రపట్టని తల్లి.

“చూడండి మేడం, మా మరిదిగారి పాప యూకేజీలోనే రైమ్స్ అన్నీ గడగడా చెప్పేస్తోంది. మా దానికి ఏబీసీడీలు వరసగా రావట్లేదు. ఏదన్నా చెప్పవే అంటే సర్రుమని బుస కొడుతోంది. చుట్టాల ముందు తలెత్తుకోలేకపోతున్నామండీ” అంది ఒక రోజు.

“జర ఓపిక పట్టుండ్రమ్మా” అంది పెద్ద మిస్. ఆ రోజు ఎందుకో బాగానే చెప్పింది. “మా ఊర్ల చీరె నేసేటందుకు ముందు నూలుకు చిటికి కడ్తరు. దారాలకు రబ్బరు ముడులేసి రంగుల ముంచుతరు. అప్పుడు చూస్తె ఏముండదు, ముడులే. మగ్గమెక్కినంకనే పువ్వు కనపడతది.”

“మేమేం చీరలు నేయించట్లేదు కదండీ, పిల్లని చదివిస్తున్నాం” అంది ఆమె.

నాకు నవ్వాగలేదు. పెద్ద మిస్‌కి మాత్రం మొహం మాడిపోయింది. ఆ తర్వాత వారం పాటు ఎవరికీ చిటికి సంగతి చెప్పలేదు.

ఇలాంటి ఫిర్యాదులు ప్రతి ఏడూ వచ్చేవి, ఈ ఏడు మరీ ఎక్కువయ్యాయి. జూన్‌లో బడి తెరిచిన కొత్తలోనే కరస్పాండెంట్ గారు ఆమెను పిలిచి, ఈ శబ్దాల గొడవ ఆపి అందరిలాగే పాఠాలు ఒప్పజెప్పించమన్నారు. నేను అక్కడే ఉన్నాను. ఆమె నిలబడే ఒప్పందం చేసుకుంది. “దసరా సెలవులైనంక మీటింగ్ పెడ్తరు కద సార్. అప్పటిదాక నా క్లాసుల ఎవ్వరు వేలు పెట్టొద్దు. ఆ రోజు తల్లిదండ్రులు ఏ కాగితమన్న తెచ్చుకోనియ్యుండ్రి. నా పిల్లలు చదువుతరు. చదవకపోతె మీరు చెప్పినట్టే చేస్త.” ఆయన ఒప్పుకున్నారు. ఒకటో తరగతికి ఇంకో టీచర్ దొరకడం అంత సులువు కాదు మరి. అంటే ఆ పిల్లలు చదవడం నేర్చుకుంటారా, చిలక పలుకులకి వెళ్ళిపోతారా అన్నది ఆ ఒక్క మీటింగ్ మీద పెట్టేసింది ఆమె. ముందూ వెనకా చూసుకోని మొండితనం.

దసరాకి ముందే ఆమెకి మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. గుండె మీద చెయ్యేసి నిలబడేది. “దవాఖానకు పో అక్కా” అంటే, “సెలవులల్ల పోత” అంది. సెలవుల్లో పోయిందా అంటే, పిల్లల కోసం అట్టముక్కలు కోస్తూ కూర్చుందట. వాళ్ళాయన దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపులో పనిచేస్తాడు. ఆయన తర్వాత నాకు చెప్పాడు, “నా మాట ఎన్నడు విన్నది గనుక” అని. సెలవులయ్యి బడి తెరిచాక శనివారం సాయంత్రం గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డాం. ఆమె మొహం అలసిపోయి ఉంది గానీ సంతోషంగా ఉంది. “శబ్దాలన్ని అయినయ్ చెల్లె. ఇగ సోమవారం నుంచి కలిపిస్త” అంది. అదే ఆఖరి మాట. మర్నాడు పొద్దున సాక్సుల మధ్యలో ఆమె కబురు.

సోమవారం నుంచి చెక్క అటువైపు కూడా నాదే అయింది. రెండు క్లాసులు, ఒక్క నోరు. ఆమె పిల్లలు చక్కగా కూర్చున్నారు. కాగితం ముక్క పెదాల ముందు పెట్టుకుని ఒక్క తోక లేకుండా శబ్దాలన్నీ వినిపించారు. గర్వంగా అనిపించింది. బోర్డు మీద మూడు అక్షరాల మాట ఒకటి రాశాను. సాన్వి లేచింది. ‘ప్, ఇ, న్’ అంది. భేష్. కలిపి చెప్పమన్నాను. “పెన్సిల్!” అంది. పక్క పిల్ల “పిల్లి!” అంది. ఆ వెనకవాడు “పిజ్జా!” అన్నాడు. మళ్ళీ చెప్పించాను. మళ్ళీ పెన్సిల్. మూడు శబ్దాలు మూడు ఊళ్ళ మనుషుల్లా ఎవరి దారిన వాళ్ళున్నారు, కలవరు.

ఎలా కలిపించేదో ఆమె? చెక్క ఇవతల ఇన్నేళ్ళు విన్నాను కదా, వింటే సరిపోదని అప్పుడు తెలిసింది. ఆమె ఎక్కడా ఏమీ రాసి పెట్టుకునే మనిషి కాదు. అంతా చేతుల్లో, నోట్లో. బుధవారానికి నేను అరవడం మొదలుపెట్టాను. గురువారం అరిచి అరిచి గొంతు పోయింది. గొంతు లేక ఊరికే సాన్వి పక్కన కూర్చుని, వేలు మొదటి అక్షరం కింద పెట్టి, ఆ శబ్దాన్ని తెంపకుండా సాగదీస్తూ రెండో అక్షరం మీదికి జరిపాను. పిల్ల నా మొహం, నా పెదాలు చూస్తోంది. ఏదో దగ్గరికి వచ్చినట్టే వచ్చి జారిపోయింది. బెల్లు కొట్టారు. ఆ బెల్లు కొట్టిన ఆయమ్మని కొరికి తినాలనిపించింది.

ఆ సాయంత్రమే కరస్పాండెంట్ గారు పిలిచారు. శనివారం పేరెంట్స్ మీటింగ్ ఎలాగూ ఉంది కాబట్టి సంతాప సభ కూడా దాంట్లోనే కలిపేద్దాం, మళ్ళీ మళ్ళీ షామియానా ఎందుకు అన్నారు. అంతవరకు సరే. తర్వాత ఒక కాగితం నా చేతికిచ్చారు. ఫోన్‌లో ఎక్కడి నుంచో తీసిన ఇంగ్లీష్ వాక్యాలు, పెద్ద పెద్ద మాటలతో. మా ప్రియతమ గురువు, వెలుగునిచ్చిన దీపం, ఆ వరస.

“ఒకటో క్లాసు పిల్లలతోని ఇది కోరస్‌గా చెప్పియ్యుండ్రి మేడం. వీడియో తీద్దాం.”

“సార్, ఇది బట్టీ సార్” అన్నాను, పోయిన గొంతుతోనే గుసగుసగా. “ఆమెకి బట్టీ అంటేనే పడదు. ఆమె సంతాప సభలో ఆమె పిల్లలతో బట్టీ పట్టిస్తారా?”

“ఏంది మేడం మీరు కూడ. ఆమె అంటె గౌరవంతోనే కద చేస్తున్నం.”

“వాళ్ళకి ఒప్పజెప్పడం అలవాటు లేదు సార్. రెండు రోజుల్లో రాదు. వాళ్ళ చేత ఏదైనా చదివించాలని కదా మీరు మాటిచ్చింది?”

“చదువుతున్నరా మరి?” అని అడిగారు ఆయన. మామూలుగానే అడిగారు.

పెన్సిల్, పిల్లి, పిజ్జా గుర్తొచ్చాయి. కాగితం తీసుకుని వచ్చేశాను. మెట్ల మీద కూర్చుని ఆమెను తిట్టుకున్నాను. ఇంకొక్క నెల ఉండి పోతే నీ సొమ్మేం పోయేది అక్కా అని.

శనివారం బడి ముందు షామియానా వేశారు. గేటు పక్కన ఆమె ఫోటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ఆధార్ కార్డు ఫోటోని పెద్దది చేసినట్టున్నారు, ఎవరిమీదో చిరాకు పడుతున్నట్టుంది. మొత్తానికి ఆమె పోలికే వచ్చింది. మన బడి ఇంగ్లీష్ మీడియం కదా, రాతంతా ఇంగ్లీషే. వాళ్ళాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కుర్చీ అంచున కూర్చున్నాడు. తల్లిదండ్రులు వస్తూనే మార్కుల కాగితాలు ఎప్పుడిస్తారని అడుగుతున్నారు.

కోరస్ మొదలైంది. మొదటి వాక్యం సగం వరకు వచ్చింది. తర్వాత ఒకడు ఆగాడు, వాడిని చూసి ఇంకొకడు. ఒక పిల్ల నా వైపు తిరిగి “మిస్, ఏం శబ్దం?” అని అడిగింది. మైకులో అందరికీ వినబడింది. వెనక కుర్చీల్లో నవ్వులు. ఇంతలో ఎవరో భయపడి ‘స్‌స్‌స్’ అన్నారు. ఆ శబ్దం వాళ్ళకి బాగా వచ్చు కాబట్టి మిగతా పిల్లలంతా అందుకున్నారు. సంతాప సభంతా బుస. వీడియో తీస్తున్న క్లర్కు ఫోన్ దించేశాడు. పెద్ద మిస్ వాళ్ళాయన మాత్రం ఆ బుస వింటూ తల దించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఇంట్లో కూడా ఆ శబ్దం వినబడుతూనే ఉండేదేమో.

కరస్పాండెంట్ గారు మైకు తీసుకున్నారు. స్వర్గీయ టీచర్ గారి సేవలు మరువలేనివన్నారు. అదే ఊపులో, పేరెంట్స్ పరేషాన్ కావద్దని, సోమవారం నుంచి ఒకటో తరగతికి మామూలు పద్ధతే ఉంటుందని, రోజూ హోంవర్కు, డైరీ, వారం వారం పాఠాల ఒప్పజెప్పింపులు ఉంటాయని చెప్పారు. చప్పట్లు కొట్టారండీ. ఆమె ఫోటో పక్కన, ఆమె మొగుడి ముందు, ఆమె జీవితమంతా చేసిన పనిని ఆపేస్తున్నామంటే జనం చప్పట్లు కొట్టారు. సాన్వి వాళ్ళమ్మ కూడా కొట్టింది. లేచి ఏదో అనాలని నోరు తెరిచాను. గొంతు రాలేదు. అరిచి పోగొట్టుకున్న గొంతు ఇంకా తిరిగి రాలేదు.

సభ అయిపోయింది. కుర్చీలు ఒకదానిలో ఒకటి దూరుస్తున్నారు. తల్లులు పిల్లల్ని చేతులు పట్టుకుని లాక్కుపోతున్నారు. సాన్వి ఫ్లెక్సీ ముందు ఆగింది.

“రావే, ఆటో ఆయన హారన్ కొడుతున్నాడు” అంది వాళ్ళమ్మ.

పిల్ల కదల్లేదు. ఫోటో కింద పెద్ద అక్షరాలతో ఉన్న వరస దగ్గర వేలు పెట్టింది. పై పళ్ళు కింది పెదవికి ఆనించి శబ్దం తీసింది. వేలు జరిపింది. రెండో శబ్దం. పెదాలు మూసి ముక్కులోంచి మూడోది. నాలుక అంగిటికి ఆనించి ఇంకొకటి. ఏ ఒక్కదానికీ తోక లేదు. చివరికి వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చింది. ఈసారి శబ్దాన్ని తెంపకుండా సాగదీస్తూ వేలితో పాటు నోటిని కూడా జరిపింది. వాళ్ళమ్మ చెయ్యి లాగడం మానేసింది. మాటలాగా ఏదో వచ్చింది, అర్థం కాలేదు. ఇంకోసారి జరిపింది. కలిసింది.

ఒక పేరు. పూర్తి పేరు, ఉన్నదున్నట్టు.

పిల్లలకి అది కొత్త మాట. వాళ్ళకి పెద్ద మిస్ అంటే పెద్ద మిస్సే, ఆమెకింకో పేరుందని ఒక్కరూ చెప్పలేదు. ఎవరూ నేర్పనిది, ఎవరూ ఒప్పజెప్పించనిది, గోడకి కట్టిన బట్ట మీద నుంచి ఆ పిల్ల తనంతట తాను తీసుకుంది. అటు తిరిగి చూశాను. కరస్పాండెంట్ గారు షామియానా అతనితో ఫోన్‌లో ఉన్నారు, వీపు మా వైపు పెట్టి. ఎవరు వినాలో ఆయనొక్కడే వినలేదు.

“మమ్మీ, ఇది ఎవరి పేరు?” అని అడిగింది సాన్వి.

వాళ్ళమ్మ పిల్ల వేలు పెట్టిన చోటునే చూస్తూ ఉండిపోయింది. కుర్చీ మోసుకెళ్తున్న పెద్ద మిస్ వాళ్ళాయన ఆగి, దాన్ని కింద పెట్టి, “మీ మిస్‌దే బిడ్డా” అన్నాడు.

సాన్వి మళ్ళీ ఫ్లెక్సీ వైపు తిరిగింది. ఈసారి వేలు పెట్టలేదు. తల బాగా పైకెత్తి ఆ చిరాకు మొహాన్ని చూస్తూ, ఆ పేరుని ఒక్క ముక్కగా, గట్టిగా, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది.